సాయంత్రం పొగ

రామచంద్రపురంలో భాస్కరం గారి మెస్సులో సాయంత్రం పూట వంటింటి నిండా కమ్ముకునే పొగ ఎవరిదన్న విషయంలో పదహారేళ్ళుగా ఎవరికీ అనుమానం లేదు. అది సూర్యకళది. పప్పులో ఉప్పెక్కువైతే ఉప్పుది తప్పు కావచ్చు, అన్నం ముద్దయితే బియ్యానిది కావచ్చు, పొగ మాత్రం సూర్యకళ చేతిదే. ఈ మాట మొట్టమొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తు లేదు. అందరూ అనగా అనగా చివరికి సూర్యకళ కూడా నమ్మేసింది. "కామేశ్వరమ్మగారు వండిన ఇరవయ్యేళ్ళూ ఇంత పొగ ఎరగమండి" అని పాతవాళ్ళు విస్తరి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ అంటూంటే, వంటింట్లో ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ నిజమే కాబోలు అనుకునేది.

ఆ శనివారం పొద్దున్న ఆమె కందబచ్చలి కూరలో ఆవపిండి కలుపుతూండగా భాస్కరం గారి అబ్బాయి విష్ణు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. వెనకాలే భాస్కరం గారు. విష్ణు ఇంజనీరింగు చదివి, విశాఖపట్నంలో రెండేళ్ళు ఉద్యోగం చేసి, అక్కడి భోజనం మీద విరక్తి పుట్టి మెస్సు చూసుకోవడానికి వచ్చేశాడు. "కట్టెల పొయ్యి భోజనం. ఉల్లి, వెల్లుల్లి వాడబడవు" అని వీధిలో పెద్ద బోర్డు పెట్టించిందీ, వంటింటి పక్క గదికి ఏసీ బిగించిందీ అతనే. ఏసీ గదికి గిరాకీ బాగానే ఉంది. చిక్కల్లా, సాయంత్రం అయ్యేసరికి పొగ కూడా తలుపు కిందనుంచి దూరి జనంతోపాటు చల్లగా కూర్చుంటోంది.

"ఇది చూడు నాన్నా" అని విష్ణు ఫోను తండ్రి ముక్కు దగ్గర పెట్టాడు. "మంచు దేశాల్లో ఇళ్ళల్లో మనలాగే గోడలో పాత పొయ్యిగూళ్ళుంటాయి. వాటిని పగలగొట్టరు. గూట్లోకి ఇనప పెట్టె దింపేసి, పాత పొగగొట్టం లోపల స్టీలు గొట్టం దూర్చేస్తారు. తలుపు మూసేస్తే పొగంతా ఆ గొట్టంలోంచే పోతుంది. గదిలోకి రమ్మన్నా రాదు."

"వాళ్ళు దాని ముందు కూర్చుని చలి కాచుకుంటార్రా. మనం గుండిగలకి గుండిగలు పులుసు కాయాలి."

"పెట్టె మీద గుండిగ కూర్చునేలా చేయిస్తాను. తుని నుంచి వచ్చి బైపాసులో వెల్డింగు షాపు పెట్టుకున్న లోవరాజని ఉన్నాడు. రైసుమిల్లు గొట్టాలన్నీ అతని చేతివే."

భాస్కరం గారు పొయ్యివైపు చూశారు. వాళ్ళ నాన్నగారి కాలంలో ఇటుకతో గోడలోకి గూడులా కట్టిన పొయ్యి అది. పైన కమాను, కమాను మీదనుంచి కప్పు దాటిపోయే పొగగొట్టం. మసి పట్టీ పట్టీ లోపలంతా కాటుక పెట్టినట్టుంటుంది. "సరే కానియ్" అన్నారాయన.

అప్పుడు విష్ణు సూర్యకళవైపు తిరిగాడు. గోదావరి జిల్లా మర్యాదంటే ఇదే, మనిషిని పక్కకి తప్పించాలన్నా అండీ లేకుండా తప్పించరు. "పిన్నిగారూ, మీరేమీ అనుకోకండి. కొత్త పొయ్యి పెట్టాక కూడా పొగొచ్చిందంటే ఇంక పొయ్యిది తప్పు కాదు కదండీ. కాకినాడలో ప్రసన్నకుమారని ఒకతనున్నాడు, కేటరింగు కోర్సు చేశాడు. నవమినాటికి రమ్మంటే వస్తానన్నాడు. మీరు హాయిగా కూర్చుని కూరలు తరుగుదురు గాని."

సూర్యకళ చేతిలో గరిటె ఆగింది. శ్రీరామనవమి రేపు కాక పై ఆదివారం. ఆమె కూర కిందికి దింపి, కట్టె ఒకటి వెనక్కి లాగి, దాని చివర నీళ్ళు చిలకరించింది. కూరలు తరగడం తక్కువ పనని కాదు. కానీ పదహారేళ్ళు నిప్పు ముందు నిలబడిన మనిషిని తీసుకెళ్ళి కత్తిపీట ముందు కూర్చోబెడితే, పొగ ఆమెదేనని ఊరంతటికీ దండోరా వేయించినట్టే.

*

లోవరాజు సోమవారం పొద్దున్న వచ్చాడు. నలభై దాటిన మనిషి, చెవి మీద సుద్దముక్క, చేతిలో టేపు, భుజానికి క్యారేజీ. క్యారేజీలో ఉల్లిపాయ పులుసుందని తెలిసి భాస్కరం గారు దాన్ని వీధి అరుగు మీదే దింపించేశారు. "ఆయ్, తప్పైపోయిందండి" అని లోవరాజు నవ్వుతూనే చేతులు కూడా కడుక్కుని వచ్చాడు.

అతను దేన్నైనా ముందు జానలతో కొలుస్తాడు, తర్వాత టేపుతో కొలిచి జానే కరెక్టని తేల్చుకుంటాడు. గూడు వెడల్పు, లోతు, కమాను ఎత్తు అన్నీ కొలిచి గోడ మీదే సుద్దతో రాశాడు. తల గూట్లోకి దూర్చి టార్చి వేసి పైకి చూశాడు. బయటికి వచ్చేసరికి మొహం సగం నల్లబడింది. "లోపల ఆరంగుళాల గొట్టం సుఖంగా పడుతుందండి. నాలుగేసి అడుగుల ముక్కలు కిందనుంచి ఒకటొకటే ఎక్కించుకుంటూ రివెట్లు కొట్టుకుపోతానండి."

"పైదాకా వద్దు" అన్నారు భాస్కరం గారు. "పైన గొట్టం మూతి ముట్టుకోవద్దు. సిద్ధాంతిగారు చెప్పి కట్టించింది."

"ముట్టుకోనండి. మూతి కిందే ఆపేస్తానండి."

ఇద్దరు మగవాళ్ళూ, ఇంజనీరింగు చదివిన మూడో అతనూ పొయ్యి చుట్టూ చేరి అరగంట మాట్లాడుకున్నారు. సూర్యకళ పక్కనే బియ్యం కడుగుతోంది. రోజుకి రెండుసార్లు ఆ పొయ్యి వెలిగించే మనిషి అక్కడే ఉందని ఎవరికీ తోచలేదు. లోవరాజు సంచి సర్దుకుంటూంటే ఆమే కాస్త ధైర్యం చేసింది.

"సాయంత్రం పూట ఒకసారొచ్చి చూడకూడదాండి?"

"కొలతకి పొద్దునైతేనేం, సాయంత్రమైతేనేమండి" అన్నాడతను మర్యాదగానే. భాస్కరం గారు నవ్వారు. "సూర్యకళకీ సాయంత్రానికీ పడదులేవయ్యా."

ఈ నవ్వు ఆమెకి పాతదే. పనిలో చేరిన ఏడాదిలోనే ఒకసారి చెప్పింది, కొబ్బరిచెట్లు ఊగడం మొదలెట్టాక పొగొస్తోందండీ అని. అప్పుడూ ఇలాగే నవ్వి, "గాలికీ నీకూ కూడా పడదా?" అన్నారు. తర్వాత ఆమె గాలి ఊసు ఎత్తలేదు. సరుగుడు కట్టెలు నాలుగు రోజులు ఎండబెట్టి చూసింది. కొబ్బరి డొక్కలు మాని చిప్పలు వేసి చూసింది. వెలిగించే ముందు పొయ్యికి పసుపు రాసి దణ్ణం పెట్టి కూడా చూసింది.

*

మంగళ, బుధవారాలు వంట పెరట్లోకి మారింది. మూడేసి రాళ్ళు పెట్టి, పైన రేకు కప్పి, సూర్యకళ అక్కడే యాభైమందికి వండింది. ఆ రెండు సాయంత్రాలూ పొగ ఎటుపోయిందో కూడా తెలియలేదు, ఆరుబయట కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లోవరాజు పని చేస్తూంటే చూడముచ్చటగా ఉంటుంది. పెట్టెను ఆటోలో తెచ్చాడు. గోనెసంచుల మీద పడుకోబెట్టి, వాటికి నీళ్ళు చిలకరించి, అంత బరువునీ ఒక్కడే గూటి దాకా జార్చుకుపోయాడు. గొట్టం ముక్కను బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి కమాను లోపలికి పంపి, మోకాలితో ఆనించి, కింద రెండోది తగిలించి రివెట్టు కొట్టేవాడు. కొట్టిన ప్రతిసారీ ఆ చప్పుడు గొట్టమంతా పాకి పైన ఎక్కడో మోగేది. "వెళ్ళవే తల్లీ, ఇంకొక్క మెట్టు" అని ఇనుముతో మాట్లాడేవాడు. పెట్టెకీ ఇటుకకీ మధ్య సందుల్లో బంకమట్టీ ఊకా కలిపి కూరాడు. పెట్టె మీద గుండిగ కూర్చునే వలయం, ముందు తలుపు, తలుపు కింద గాలికి చిన్న పలక. ఆ పలక ముందుకీ వెనక్కీ జరుపుతూ, "మంట మీ చెప్పుచేతల్లో ఉంటుందండి" అని సూర్యకళతో మొట్టమొదటిసారిగా ఒక మాట అన్నాడు.

గురువారం పొద్దున్న ఏడింటికి ముహూర్తం. కొబ్బరికాయ కొట్టారు. సూర్యకళ ఎండుమట్ట వెలిగించి, సరుగుడు పుల్లలు పేర్చి తలుపు మూసింది. పెట్టెలోపల గాలి హూ అని లాగింది. వంటింట్లోకి ఒక్క పోగు పొగ రాలేదు. విష్ణు ఫోనులో వీడియో తీశాడు. భాస్కరం గారు లోవరాజు భుజం తట్టారు. అందరూ సంతోషించారు. సూర్యకళ ఒక్కతే కిటికీలోంచి పెరట్లో కొబ్బరిచెట్ల వైపు చూసింది. ఆకు కదలడం లేదు.

"పొద్దున్న ఎప్పుడూ రాదండి" అంది మెల్లిగా. ఆ మాట కొబ్బరికాయ ముక్కలు పంచుతున్న సందట్లో కలిసిపోయింది.

నాలుగున్నరకి రాత్రి వంట మొదలుపెట్టింది. అయిదు కొట్టేసరికి చెట్ల తలలు ఊగాయి. సముద్రంవైపునుంచి పైరగాలి ఎక్కింది, ఊరంతా అమ్మయ్య అని అరుగుల మీద కూర్చునే వేళ. పది నిమిషాలు తిరక్కుండానే కొత్త పెట్టె గాలి పలకలోంచి, తలుపు సందుల్లోంచి, గుండిగ అంచుల చుట్టూ పొగ బుసబుసా బయటికి వచ్చింది. పాత పొయ్యిలో కన్నా ఎక్కువే. ఏసీ గదిలో ఎవరో దగ్గారు. విష్ణు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను తిట్టలేదు, అరవలేదు. "సరేలెండి పిన్నిగారూ" అని నిట్టూర్చి, ఫోను తీసి వసారాలోకి వెళ్ళాడు. కాకినాడకే చేస్తున్నాడని సూర్యకళకి తెలుసు. పులుసు కలుపుతూనే ఉంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పొగ కదా, ఎవరూ ఎందుకని అడగలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి లోవరాజు పిలవకుండానే వచ్చాడు. సంగతి అతని చెవిన పడింది. రైసుమిల్లులో గొట్టం వేస్తే ఊక ఒక్క గింజ బయట పడని మనిషి, రాత్రంతా నిద్ర లేనట్టుంది. వంటింట్లో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"అమ్మగారూ, ఆ రోజు సాయంత్రం రమ్మన్నారు కదండి. ఎందుకన్నారండి?"

ఈ ప్రశ్న కోసం సూర్యకళ పదహారేళ్ళు ఎదురుచూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. "ఆ చివరి చెట్టు ఉత్తరానికి వంగితే పది నిమిషాల్లో పొగొస్తుందండి. వానాకాలంలో పడమటి గాలి తోలే రోజుల్లో రాదండి. శీతాకాలం సాయంత్రాలు కూడా రాదు. వేసవి వచ్చిందంటే రోజూనే."

లోవరాజు చెట్టు వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. చెవి మీద సుద్దముక్క తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నిచ్చెనుందాండి?"

డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి వంటింటి పెంకుల దగ్గరికి వెళితే అక్కడుంది పొగగొట్టం. డాబా మీద నిలబడితే నిలువెత్తుకి పైనే ఉంటుంది. సూర్యకళ డాబా మీద వడియాలు వేలసార్లు ఎండబెట్టింది కానీ అటువైపు తలెత్తి చూడలేదు. ఆమె నిచ్చెన పట్టుకుంటే లోవరాజు ఎక్కాడు. ఎక్కి మూతి చుట్టూ కలియజూశాడు. తర్వాత దిగి, "మీరెక్కి చూడండమ్మా. నేను చెప్పడం కాదండి" అన్నాడు.

చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆమె ఆరు మెట్లెక్కింది. గొట్టం తలమీద చిన్న మంటపంలా కట్టి ఉంది. నాలుగు దిక్కులకీ నాలుగు కిటికీలు. అందులో తూర్పు, పడమర, ఉత్తరం ఇటుకతో మూసి సిమెంటు పూసేశారు. తెరిచి ఉన్నది దక్షిణం ఒక్కటే. సరిగ్గా గాలికి ఎదురుగా, నోరు తెరుచుకుని. ఆ రోజు గాలి కాస్త ముందే మొదలైంది, సూర్యకళ కొంగు చివర దాని ముందు పట్టుకుంది. కొంగు లోపలికి పోయింది. బయటికి లాగింది, మళ్ళీ లోపలికి పోయింది.

"పక్కన సిమెంటు మీద మేస్త్రీ తేదీ గీశాడు చూడండి" అన్నాడు కిందనుంచి లోవరాజు. "ఎంతుందండి?"

"మే పది, రెండువేల తొమ్మిది."

"మీరిక్కడ ఎప్పుడు చేరారండి?"

కామేశ్వరమ్మగారు ఆ వైశాఖంలోనే పని మానుకుని అమలాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. "ఆ జూన్‌లో" అంది. మూసిన ఇటుకల మీద అరచెయ్యి పెట్టింది. ఎండకి వెచ్చగా ఉన్నాయి. పదహారేళ్ళు తన చేతిలో ఉందనుకున్నది ఇక్కడ, ఈ ఇటుకల్లో ఉంది. ఆమెకి ముందు కోపం రాలేదు, గుండెల మీంచి గుండిగ దింపినట్టయింది. కోపం ఆ వెనకాల వచ్చింది.

"ఎవరది పైన?" అంటూ భాస్కరం గారు డాబా మెట్లెక్కి వచ్చారు. నిచ్చెన మీద సూర్యకళను చూసి ఆగిపోయారు. "ఏంటిది? దాన్ని ముట్టుకోవద్దన్నానా? ఉత్తరం కుబేరస్థానం. తూర్పు సూర్యుడు. పడమర వరుణుడు. పొగ యముడివైపు పోవడమే మంచిదని సిద్ధాంతిగారు మూడూ మూయించారు."

"యముడు వద్దంటున్నాడండి. రోజూ సాయంత్రం వెనక్కి పంపించేస్తున్నాడు" అంది సూర్యకళ.

పదహారేళ్ళలో ఆయనతో ఆమె అలా మాట్లాడింది లేదు. ఆయన తెల్లబోయారు. సూర్యకళ నిచ్చెన దిగలేదు. "పనిలో చేరిన ఏడే చెప్పానండి, గాలి వస్తే పొగొస్తోందని. మీరు నవ్వారు. ఇక్కడ తేదీ ఉంది, మీరే చూడండి."

ఆమె దిగాక ఆయన ఎక్కారు. కళ్ళజోడు సవరించుకుని తేదీ చదివారు. తెరిచిన మూతి ముందు చెయ్యి పెట్టి చూశారు. కిందికి దిగాక కూడా ఆ చేతినే చూసుకుంటూ నిలబడ్డారు.

"మూడువేపులా పగలగొట్టేస్తే చాలండి" అన్నాడు లోవరాజు.

"పగలగొట్టనయ్యా. సిద్ధాంతిగారు పోయి ఆరేళ్ళయింది, మరోమాట అడుగుదామన్నా ఆయన లేరు." ఆయన గొంతులో మొండితనం కన్నా భయమే ఎక్కువుంది.

కొబ్బరాకుల చప్పుడు వినిపిస్తోంది. సూర్యకళ మంటపం నెత్తి వైపు చూసింది. "గోడలు ముట్టుకోకండి. నెత్తిన చిల్లు పెట్టి గొట్టాన్ని నిటారుగా పైకి తీసేస్తేనోనండి? పైకి పోయేదానికి ఏ దిక్కు లెక్కండీ?"

లోవరాజు సుద్దముక్క చేతిలోకి వచ్చేసింది. "మూడడుగులు పైకి లేపుతానండి. వాన పడకుండా రేకు టోపీ పెడతానండి. గాలి ఎటు తోలినా ఊడ్చుకుపోతుందండి."

భాస్కరం గారు ఆకాశం వైపు చూశారు. అక్కడ ఎవరి స్థానమో కాసేపు లెక్కేసుకున్నట్టున్నారు. "కానియ్" అన్నారు చివరికి, లోవరాజుతో కాదు, సూర్యకళతో.

*

శనివారం పొద్దున్న లోవరాజు ఉలితో మంటపం నెత్తిని గుండ్రంగా తొలిచాడు. గొట్టానికి రెండు ముక్కలు కలిపి పైకి లేపి, చుట్టూ సిమెంటు చేసి, తలమీద టోపీ పెట్టాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, మెస్సులో బాయిలరు పెట్టారాండీ అని అడిగి వెళ్ళారు.

నాలుగున్నరకి సూర్యకళ పొయ్యి వెలిగించింది. విష్ణు ఈసారి వీడియో తీయలేదు, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరి చూపూ నిప్పు మీద ఉంటే ఆమె చూపు కిటికీలో ఉంది. అయిదు కావస్తూండగా చివరి చెట్టు ఉత్తరానికి వంగింది. పెరట్లో తీగ మీద తుండుగుడ్డలు రెపరెపలాడాయి. పెట్టెలో మంట ఒకసారి తల వంచి, మళ్ళీ నిటారుగా లేచింది. ఆమె గాలి పలకను వేలెడు జరిపింది. మంట మాట విన్నది.

పది నిమిషాలైంది. పావుగంటైంది. గుండిగలో పులుసు తెర్లుతోంది. వేసవి సాయంత్రం అయిదుంబావుకి ఎదురుగోడ మీది క్యాలెండరులో అంకెలు కనపడటం ఆమెకి ఇదే మొదటిసారి.

"ప్రసన్నకుమార్‌కి నేనే చెప్పేస్తాను పిన్నిగారూ" అన్నాడు విష్ణు తల గోక్కుంటూ. "కూరలు తరగడానికైతే వస్తాడో రాడో."

"వస్తే రమ్మనండి. తరగడం నేను నేర్పుతాను."

ఏడింటికి ఏసీ గది నిండింది. భీమవరం నుంచి చేపల మేత పని మీద వారం వారం వచ్చే పల్లంరాజుగారు తన మామూలు కుర్చీలో కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక ముక్కు ఎగబీల్చి చుట్టూ చూశారు. వడ్డించే కిటికీ తెరిచే ఉంది. అవతల రేపటి నవమికి బూడిద గుమ్మడికాయ తరుగుతున్న సూర్యకళకి ఆ మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఏంటండి భాస్కరం గారూ, ఈవేళ పొగ లేదు. వంటావిడను మార్చారాండి?"

పక్క బల్లలవాళ్ళు కూడా తలెత్తి చూశారు. సూర్యకళ చెయ్యి కత్తిపీట మీద ఆగింది.

"లేదండి, ఆవిడే" అన్నారు భాస్కరం గారు. నెయ్యి గిన్నె బల్లమీద పెట్టారు. "పదహారేళ్ళ కిందట నేను డాబా ఎక్కి పొగగొట్టానికి మూడువేపులా గోడ కట్టించానండి. తర్వాత ఆవిడ చేరింది. పొగ నాదండి, ఇన్నాళ్ళూ మాట ఆవిడ పడింది."

"అయితే ఈ పులుసు..."

"ఆ పొగలోనూ ఆవిడే కాచిందండి. మీరు రెండోసారి వేయించుకునేవారు."

పల్లంరాజుగారు నవ్వి, పులుసు గిన్నె ముందుకి జరిపారు. గదిలో మాటలు మళ్ళీ మొదలయ్యాయి. వంటింట్లో సూర్యకళ చెయ్యి అలవాటుగా కొంగు వెతుక్కుని కళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒకసారి తుడుచుకుంది. చాల్లేదు. మళ్ళీ తుడుచుకుంది.

మూల కూర్చుని ఉలులు సంచిలో వేసుకుంటున్న లోవరాజు చటుక్కున లేచాడు. "పొగొస్తోందాండి?" అని పెట్టె చుట్టూ తడిమి చూశాడు.

"లేదండి. ఉల్లిపాయలు."

లోవరాజు ఆమె ముందున్న కత్తిపీట చూశాడు. దాని పక్కన పళ్ళెంలో తెల్లగా మెరుస్తున్న బూడిద గుమ్మడికాయ ముక్కలు చూశాడు. వీధి అరుగు మీద దింపి వచ్చిన తన క్యారేజీ గుర్తొచ్చినట్టుంది.

"ఆయ్. ఈ ఏడు ఉల్లిపాయలు బాగా ఘాటుగా ఉన్నాయండి" అని తల వంచుకుని సంచి మూతి కట్టుకున్నాడు.